మినసోటా మంచులో మెంతికూర: మా పెరటి గ్రీన్‌హౌస్ కబుర్లు

అక్టోబర్

చట్రం నిలబడింది. అమెరికాలోని మినసోటా యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ (రైతులకు సలహాలిచ్చే విభాగం) వాళ్ల డీప్ వింటర్ గ్రీన్‌హౌస్ (నడి చలికాలంలోనూ ఎండ వేడితో ఆకుకూరలు పండించే గది) నమూనానే మా పెరడుకు సరిపడేలా కుదించాం. దక్షిణం వైపు మాత్రమే ఎండ లోపలికి వచ్చే పాలికార్బనేట్ ప్లాస్టిక్ షీట్లు. మిగతా మూడు వైపులా ఇంటి గోడకు పెట్టినట్టే దట్టంగా ఇన్సులేషన్, అంటే వేడి బయటికి పోనివ్వని పొర. షీట్ల వాలు 60 డిగ్రీలు. డిసెంబర్ నడిమిట్లో మిట్టమధ్యాహ్నం కూడా ఇక్కడ సూర్యుడు 22 డిగ్రీల ఎత్తు దాటడు కాబట్టి, అంత వాలు ఉంటేనే ఎండ షీటుకు ఎదురుగా తగులుతుంది. పడిన మంచు కూడా జారిపోతుంది.

అసలు పని నేల కింద ఉంది. మా వైపు పునాదులకు 42 అంగుళాల లోతు లెక్క, నేల అంతవరకూ గడ్డకడుతుందని. అందుకే ఆ చలి పక్కల నుంచి లోపలికి రాకుండా చుట్టూ నాలుగడుగుల లోతున రెండంగుళాల ఫోమ్ బోర్డు దించాం. మధ్యలో కంకర నింపి, చిల్లుల పైపులు పరిచాం. పగలు కప్పు కింద చేరిన వేడి గాలిని చిన్న ఫ్యాన్ ఆ కంకరలోకి తోస్తుంది, రాత్రి ఆ వేడి నెమ్మదిగా పైకొస్తుంది. ఎవరైనా కట్టుకుంటానంటే, పెద్ద హీటర్ కొనే డబ్బు ఈ ఫోమ్ మీద పెట్టమంటాను.

డిసెంబర్

నవంబర్ మొదటి వారం దాటాక పగలు పది గంటల లోపే. మొక్కలు దాదాపు ఎదగవు. సెప్టెంబర్‌లోనే ట్రేలలో నారు పోసి పెంచిన పాలకూర, మెంతికూర, కొత్తిమీరను ఇప్పుడు అవసరానికి కోసుకుంటున్నాం. రాత్రిళ్లు మడి మీద తీగ కమ్మీలు వంచి పల్చటి గుడ్డ కప్పుతాను. బాగా చలి పడ్డ పొద్దున పాలకూర ఆకులు నేలకు అంటుకుపోయి, ముదురు రంగు తిరిగి, చచ్చినట్టే కనిపిస్తాయి. అప్పుడు చెయ్యి పెట్టకూడదు. ఎండ తగిలి పదకొండయ్యేసరికి ఒక్కో ఆకూ లేచి నిలబడుతుంది. అప్పుడు కోస్తే చెక్కుచెదరదు, చలికి చక్కెర చేరి తియ్యగా కూడా ఉంటుంది.

కరివేపాకు కుండీ మాత్రం ఇంట్లోనే, దక్షిణపు కిటికీ దగ్గర. పది డిగ్రీల కిందికి పోతే ఆకు రాలుస్తుంది.

ఫిబ్రవరి

పగలు మళ్లీ పది గంటలు దాటింది, మెంతి చిగురు వేస్తోంది. లోపల తేమ ఎక్కువైంది, పేనుబంక కూడా కనిపించింది. మధ్యాహ్నం అరగంట పైకిటికీ తెరిచి, సబ్బు నీళ్లు ఆకు అడుగున కొడుతున్నాను. గోంగూర మే దాకా ఆగాలి. దానికి చలీ పడదు, పగలు చిన్నదైతే ఆకు మానేసి పూతకొస్తుంది.

మార్చి ఎండకు లోపల 35 డిగ్రీలు ఇట్టే దాటుతుంది. ఈలోగా పైకిటికీకి మైనం సిలిండర్ బిగించాలి. వేడికి మైనం ఉబ్బి కిటికీని తనే తెరుస్తుంది, కరెంటు అక్కర్లేదు.