మిథ్యామనోరథ మింకేటికి

గజేంద్ర మోక్షం అనగానే మనలో చాలామందికి రెండు మూడు పద్యాలు నోటికి వచ్చేస్తాయి. ‘అల వైకుంఠపురంబులో’, ‘లావొక్కింతయు లేదు’, ‘కలడందురు దీనుల యెడ’. వీటన్నిటికంటే ముందు ఒక పద్యం ఉంది, వైకుంఠ ఏకాదశి పారాయణాల్లో దాన్ని గబగబా దాటేయడమే నేను ఎక్కువగా విన్నాను.

పృథుశక్తిన్ గజ మా జలగ్రహముతో బెక్కేండ్లు పోరాడి సం
శిథిలంబై తన లావు వైరిబలముం జింతించి మిథ్యామనో
రథ మింకేటికి దీని గెల్వ సరిపోరన్ రాదు రాదంచు స
వ్యథమై యిట్లను బూర్వపుణ్యఫల దివ్యజ్ఞాన సందీప్తితోన్

ఏళ్ల తరబడి పోరాడి ఏనుగు ఒళ్లు హూనమైపోయింది. అప్పుడు తన బలమెంత, మొసలి బలమెంత అని కూర్చి చూసుకుంది. నీళ్లలో ఉన్నకొద్దీ మొసలికి ఊపు పెరుగుతోంది, తనకు తగ్గుతోంది. ఇంకెందుకీ లేనిపోని ఆశ, దీన్ని గెలవడం నావల్ల కాదు, కాదు అనుకుంది. ఇలా అనుకున్న ఏనుగును పోతన పిరికిది అనలేదు, భక్తి లేనిది అనలేదు. పూర్వజన్మ పుణ్యం పండి దివ్యజ్ఞానం వెలిగింది అన్నాడు. గెలుస్తానన్న ఆశ చచ్చిపోయిన చోటే జ్ఞానం వెలిగిందని మన బమ్మెర పోతన పదిహేనో శతాబ్దంలో రాసిపెడితే, మనం మాత్రం కష్టంలో ఉన్న మనిషి కనిపిస్తే చాలు ‘ఆశ వదులుకోకు, పాజిటివ్‌గా ఉండు’ అంటూ ఉంటాం.

ఈ పద్యం మళ్లీ తీసి చూసేలా చేసింది అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుకుంటున్న ఒక తమ్ముడు. నోటిఫికేషన్ కోసం, తర్వాత పరీక్ష కోసం, తర్వాత రిజల్ట్ కోసం, అది కోర్టులో ఆగితే తీర్పు కోసం ఎదురుచూసి ఎదురుచూసి, చిక్కడపల్లి లైబ్రరీలో పుస్తకాలు పక్కనపెట్టి ఫోన్లో షోపెన్‌హవర్ గురించి చదవడం మొదలుపెట్టాడు. ఒకరోజు సూటిగా అడిగాడు. “అన్నా, ఆశ అంతా ఉత్తదే కదా? మీ భక్తి కూడా అట్లాంటి ఆశే కదా?”

చిన్న ప్రశ్న కాదిది, అడిగినవాణ్ని కసురుకోవాల్సిన ప్రశ్న అసలే కాదు. షోపెన్‌హవర్ 1788లో పుట్టి 1860లో పోయిన జర్మన్ తత్త్వవేత్త. లోకాన్ని నడిపేది ఒక గుడ్డి కోరిక, అది తీరకపోతే బాధ, తీరితే విసుగు, బతుకు ఈ రెంటి మధ్యే ఊగుతూ ఉంటుందన్నాడు. ఆశ గురించి ఆయన చెప్పిన మాట ఇంకా పదునైనది. ఒకటి జరగాలని గట్టిగా కోరుకుంటాం, ఆ కోరికనే జరిగే అవకాశం అనుకుని పొరబడతాం, ఆశంటే అంతే అన్నాడు. ఎంత నిజం! పరీక్ష బాగా రాశాను కాబట్టి ఉద్యోగం వస్తుందని నమ్మేవాళ్ల కంటే, ఉద్యోగం చాలా అవసరం కాబట్టి తప్పకుండా వస్తుందని నమ్మేవాళ్లే మన చుట్టూ ఎక్కువ. ఇక్కడ ఏనుగుకీ షోపెన్‌హవర్‌కీ తేడా లేదు, మిథ్యామనోరథం అన్న మాట ఇద్దరికీ సరిపోతుంది.

ఇంత చేదు మాటలు చెప్పిన ఆ మనిషికి జీవితమంతా ఓదార్పు ఇచ్చింది మన ఉపనిషత్తులే. ఆ మాట ఆయనే రాసుకున్నాడు. అవి ఆయన చేతికి వచ్చిన దారి కూడా చెప్పుకోదగ్గది. షాజహాన్ కొడుకు దారా షికో 1657లో యాభై ఉపనిషత్తులను పండితుల సాయంతో పారశీకంలోకి తెచ్చాడు, రెండేళ్లకే ఔరంగజేబు అతన్ని చంపించాడు. ఆ పారశీకం నుంచి ఒక ఫ్రెంచి పండితుడు లాటిన్‌లోకి మారిస్తే 1801-02లో అచ్చయింది, షోపెన్‌హవర్ చదివింది దాన్నే. అన్నను చంపించిన ఆ ఔరంగజేబే 1687లో మన గోల్కొండను పట్టుకున్నాడు. రామదాసును చెరలో పెట్టిన తానీషా దౌలతాబాదు కోటలో ఖైదీగానే పోయాడు. రాజ్యం మీద ఎవరు ఏ ఆశ పెట్టుకున్నా ఏమైందో చరిత్రలో కనబడుతూనే ఉంది.

కాబట్టి తమ్ముడి ప్రశ్నలో మొదటి సగం నేను ఒప్పుకున్నాను. రెండో సగం దగ్గరే నాకు పేచీ. ఆశ పోయిన తర్వాత ఏనుగు ఏం చేసిందన్నది చూడాలి కదా. ‘ఏ రూపంబున దీని గెల్తు’ అని అడుగుతుంది. చల్లని చెట్ల నీడ వదిలి ‘ఈ నీరాశ నిటేల వచ్చితి’ అని బాధపడుతుంది. ఆ తర్వాత పిలవడం మొదలుపెడుతుంది. గెలుపు మీద నమ్మకం తిరిగి వచ్చిందని పోతన ఎక్కడా అనలేదు, దేవుడు వస్తాడన్న నమ్మకం స్థిరపడిందని కూడా అనలేదు. ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అని పిలుపు మధ్యలోనే అనుమానం. దీన్ని ఏ నాస్తికుడో వేసిన ప్రశ్నగా చదవకూడదు, కాలు మొసలి నోట్లో ఉన్నవాడి ప్రశ్న ఇది. దీనుల దగ్గర ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, మరి నా దగ్గర?

ఆ తర్వాత ‘లావొక్కింతయు లేదు’ వస్తుంది. బలం లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, నీవే తప్ప ఇంకెవరూ తెలియదు, రావే ఈశ్వరా. సాధారణంగా మనం అక్కడ ఆగి కళ్లు తుడుచుకుంటాం, శరణాగతి పూర్తయింది, సందేహం తీరింది అనుకుంటాం. కానీ వెంటనే ఇంకో పద్యం ఉంది.

వినుదట జీవుల మాటలు
చనుదట చనరానిచోట్ల శరణార్థుల కో
యనుదట పిలిచిన సర్వము
గనుదట సందేహమయ్యె గరుణావార్ధీ!

జీవుల మాటలు వింటావట, ఎవరూ పోలేని చోట్లకి పోతావట, శరణన్నవాళ్లు పిలిస్తే ‘ఓ’ అంటావట, అన్నీ చూస్తావట, ఏమో, నాకు సందేహంగా ఉంది. శరణు వేడిన తర్వాత కూడా సందేహం అలాగే ఉంది! నాకు గజేంద్ర మోక్షం మొత్తంలో అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది ఈ పద్యమే. సందేహంతోనే చివరికి ‘కరుణావార్ధీ’ అని పిలుస్తోంది. జరిగే అవకాశం ఎంత అని లెక్క వేసుకుని పిలిచిన పిలుపు కాదు కాబట్టి షోపెన్‌హవర్ చెప్పిన ఆశ కిందికి ఇది రాదు. ఆ లెక్క ముందే వేసుకుంది, సున్నా వచ్చింది.

చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేసి కోరుకుంటాం, తీరాక వెళ్లి నూటెనిమిది చేస్తాం. అది తప్పని నేను అనను, కోరిక ఎవరికి చెప్పుకోవాలో తెలియని వయసులో పిల్లలు ఒక గుడి చుట్టూ నడవడం మంచిదే. కానీ వీసా రాని పిల్లవాడికి ఆ పదకొండు ప్రదక్షిణలు వృథా అనిపిస్తే, అక్కడ వాడికి అవసరమయ్యేది ఈ ఏనుగు కథ.

‘చివరికి విష్ణువు వచ్చాడు కదా, అంటే ఆశ నిజమే అయింది కదా’ అని మీరు అడగవచ్చు. వచ్చాడు. కానీ ఏనుగు మొదట కోరుకున్నదేమిటి? మొసలిని గెలిచి, తన మందతో మళ్లీ అడవిలో రాజులా తిరగడం. అది జరగలేదు. భాగవతం ప్రకారం ఏనుగు రూపమే పోయింది, విష్ణురూపం వచ్చింది, హరి తన వెంట తీసుకెళ్లాడు. మొదటి ఆశ మిథ్యే అని పోతన అన్నమాట అక్షరాలా నిలబడింది.

మరి పిలిచినా ఎవరూ రానివాళ్ల సంగతి? దీనికి గట్టి జవాబు ఇస్తే అబద్ధమవుతుంది. రామదాసును మాత్రం గుర్తుచేసుకుంటాను. గోల్కొండ కోటకి వెళ్తే ఆయన బందీఖానా ఇప్పటికీ చూపిస్తారు, గోడమీద ఆయనే చెక్కాడని చెప్పే సీతారాముల బొమ్మలున్నాయి. పన్నెండేళ్లు అక్కడ ఉన్నాడంటారు. ఆయన పాటల్లో మనం ఎక్కువగా పాడుకునేవి విడుదలైన సంతోషంలోవి కావు. ‘ఇక్ష్వాకు కుల తిలక ఇకనైన పలుకవే’ అన్నాడంటే అప్పటికింకా రాముడు పలకలేదనే. ఎవడబ్బ సొమ్మని తిరుగుతున్నావని తిట్టి, తిట్టానని బాధపడొద్దని ఆయనే బతిమాలాడు. పలుకు రాని ఆ కాలమంతా పాటతో నిండి ఉంది. ఆ పాటలు విడుదలను తెచ్చాయా అన్న ప్రశ్న నాకు రానురాను చిన్నదైపోతోంది, ఎందుకంటే ఆ గోడల మధ్య రాముడితో ఆయన గడిపిన సంసారం, కోపతాపాలతో సహా, వాటిలోనే ఉంది.

ఇంట్లోనో హాస్పిటల్లోనో ఎవరి పక్కనైనా కూర్చుని గజేంద్ర మోక్షం చదివేవాళ్లకి ఒక్క మాట చెప్తాను. ‘అల వైకుంఠపురంబులో’ నుంచి మొదలుపెట్టకండి. ‘పృథుశక్తిన్’ నుంచి మొదలుపెట్టండి, ‘వినుదట’ దగ్గర కాసేపు ఆగండి. మంచం మీదున్న మనిషి ‘నాకు నయం కాదులే’ అంటే నోరు మూయించకండి, ‘ఛీ, అవేం మాటలు’ అనకండి. ఆ మాట ఏనుగు కూడా అంది, ‘రాదు రాదు’ అని రెండుసార్లు. డాక్టర్ చెప్పింది తప్పు అని అనకుండానే, అంతా బాగైపోతుందని మాట ఇవ్వకుండానే ఈ పద్యాలు చదవొచ్చు. వినేవాళ్లకు సందేహం ఉన్నా చదవొచ్చు, చదివేవాళ్లకు ఉన్నా చదవొచ్చు.