బీరువా సర్దిన రోజు

ఇవాళ సెలవు. బయట పనులేవీ పెట్టుకోలేదు. ఎన్నాళ్లుగానో వాయిదా పడుతూ వస్తున్న బీరువా సర్దడం మొదలుపెట్టాను. బట్టలన్నీ మంచం మీద కుమ్మరించి, పక్కనున్న సొరుగు కూడా లాగాను. పాత ఫోన్లు, తెగిన చార్జర్లు, దేనివో గుర్తులేని వైర్లు. మధ్యాహ్నానికి అయిపోవలసిన పని సాయంత్రం దాకా సాగింది. ఒక్కో వస్తువూ చేతిలోకి రాగానే ఇది నా దగ్గరికి రాకముందు ఎక్కడ పుట్టిందో, ఎవరి నీళ్లు తాగిందో అన్న ఆలోచన వదల్లేదు.

మొదట చేతికి తగిలింది ఒక నూలు చొక్కా. కాలరు దగ్గర అరిగింది గానీ మిగతా గుడ్డంతా గట్టిగానే ఉంది. పత్తి పంట దగ్గర్నుంచి లెక్కేస్తే ఒక్క నూలు చొక్కాకి సుమారు 2,700 లీటర్ల నీళ్లు పడతాయని అంచనా. ఒక మనిషి దాదాపు రెండున్నరేళ్లు తాగే నీళ్లవి.

పత్తికి పట్టే నీళ్లు అనగానే నాకు అరల్ సముద్రం గుర్తొస్తుంది. పేరుకే సముద్రం, నిజానికి మధ్య ఆసియాలో ఉన్న సరస్సు. 1960 నాటికి ప్రపంచంలోకెల్లా నాలుగో పెద్దది. అమూ దర్యా, సిర్ దర్యా అనే రెండు నదులే దానికి ప్రాణం. సోవియట్ ప్రభుత్వం ఆ నదుల నీళ్లను పెద్ద ఎత్తున పత్తి పొలాలకు మళ్లించింది. పత్తి విరగపండింది. సరస్సు ఏటేటా వెనక్కి జరిగి, 2007 నాటికి అటూ ఇటుగా పదో వంతు మిగిలింది. ఉజ్బెకిస్తాన్‌లో మొయినాక్ అనే ఊరు ఒకప్పుడు చేపల రేవు. అక్కడి పడవలు ఇప్పుడు ఎడారి ఇసుకలో తుప్పుపట్టి నిలబడి ఉన్నాయి. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది. ఎండిపోయిన అడుగు నుంచి ఉప్పూ, పొలాల నుంచి కొట్టుకొచ్చిన పురుగుమందులూ దుమ్ముగా లేచి చుట్టుపక్కల ఊళ్ల మీద పడతాయి. జనం ఆ గాలే పీల్చుకుంటారు. ఇదంతా ఒక మనిషి బతికినంత కాలంలోనే జరిగిపోయింది.

ఆ సరస్సుకే ఉత్తరాన మిగిలిన ముక్కలో మరో కథ నడిచింది. 2005లో కజకిస్తాన్ వైపు కోక్ అరల్ ఆనకట్ట పూర్తయింది. సిర్ దర్యా నీళ్లు అక్కడ నిలిచాయి, ఉప్పదనం తగ్గింది, చేపలు తిరిగొచ్చాయి, వాటి వెంటే జాలర్లూ వచ్చారు. దక్షిణ భాగానికి ఆ అదృష్టం పట్టలేదు. చేయి దాటనంత వరకు బాగుచేయొచ్చు, దాటాక కొంతే దక్కుతుంది. ఎంత దాకా దాటనివ్వాలి అన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది.

పాలిస్టర్ బట్టల సంగతి వేరు. వాటికి పొలం అక్కర్లేదు, ముడిచమురు కావాలి. ఉతికిన ప్రతిసారీ కంటికి కనపడని ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలుస్తాయి. ఉన్నవాటిని పారేయడం దీనికి మందు కాదని నా అభిప్రాయం. పారేస్తే వాటి చోటులోకి కొత్తవి వస్తాయి. మరీ మురికైతేనే ఉతకడం, చిరిగేదాకా కట్టుకోవడం మేలు.

ఫోన్ల దగ్గర ఎక్కువసేపు ఆగిపోయాను. ఒకదానికి తెర బాగానే ఉంది, బ్యాటరీ మాత్రం ఉబ్బింది. ఫోను పుట్టినప్పటి నుంచి పోయేదాకా దాని వల్ల గాల్లో కలిసే కర్బనంలో ఎక్కువ భాగం తయారీలోనే కలుస్తుంది. మనం రోజూ చార్జింగ్ పెట్టే కరెంటు వాటా దానితో పోలిస్తే చిన్నది. బ్యాటరీలో వాడే కోబాల్ట్ అనే లోహంలో సగానికి పైగా కాంగో గనుల నుంచే వస్తుంది. కొన్ని గనుల్లో పిల్లలు కూడా పనిచేస్తున్నారు. ఇంత ఖరీదు కట్టించుకుని వచ్చిన వస్తువును రెండు మూడేళ్లకే సొరుగులో పడేస్తున్నాం. 2022లో ప్రపంచమంతా కలిసి 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగేసింది. అందులో పద్ధతిగా సేకరించి తిరిగి వాడకంలోకి తెచ్చినట్టు లెక్కలకెక్కింది పావు వంతు కూడా లేదు.

అందుకే రీసైక్లింగ్ అన్న మాట మీద నాకు పెద్దగా భరోసా లేదు. 2015 దాకా తయారైన ప్లాస్టిక్ మొత్తంలో తిరిగి వాడుకలోకి వచ్చి కాలిపోకుండా, కుప్పకు చేరకుండా మిగిలింది చాలా స్వల్పం. వస్తువు పుట్టేటప్పుడే జరగవలసిన నష్టం జరిగిపోతుంది. కాబట్టి ఇప్పటికే ఇంట్లో ఉన్నదాన్ని ఎక్కువ కాలం నడిపించడమే మనం చేయగలిగిన వాటిల్లో పెద్దది. కొత్తది ఎంత పచ్చరంగు ముద్ర వేసుకొచ్చినా సరే.

ఇదంతా మనం ఒక్కళ్లం సర్దుకుంటే తీరేది కాదని కూడా తెలుసు. ఒకప్పుడు ఫ్రిజ్‌లలో వాడిన సీఎఫ్‌సీ వాయువులు ఓజోన్ పొరను తినేస్తాయని శాస్త్రవేత్తలు 1974లోనే హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఆ పొర దారుణంగా పలచబడిందని బయటపడింది. రెండేళ్లు తిరిగేసరికి, 1987లో, ఆ వాయువుల వాడకం తగ్గించుకోవాలని మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. తర్వాత ప్రపంచ దేశాలన్నీ అందులో చేరాయి. పొర నెమ్మదిగా కోలుకుంటోంది, ఈ శతాబ్దం రెండో సగంలో అంటార్కిటికా మీద మునుపటి స్థితికి వస్తుందని అంచనా. ఆ మార్పు కోసం జనం ఫ్రిజ్‌లు మానుకోలేదు. లోపలి వాయువు మార్చమని చట్టం కంపెనీలకు చెప్పింది, అవి మార్చాయి.

మరమ్మతు విషయంలోనూ అలాంటి చట్టమే కావాలి. ఫ్రాన్స్ 2021లో ఫోన్లు, లాప్‌టాప్‌ల వంటి వాటి మీద, అవి ఎంత సులువుగా బాగవుతాయో పదికి మార్కులు వేసి చూపించాలని నియమం పెట్టింది. కొనేముందే ఆ అంకె కనపడితే జనం తప్పకుండా చూస్తారు.

చొక్కా కాలరు తిప్పి కుట్టించడానికి పక్కన పెట్టాను. ఉబ్బిన బ్యాటరీని మామూలు చెత్తలో వేయకూడదు, వేడికి అంటుకుంటుంది. ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇచ్చేయాలి. రాత్రి కూర్చుని ఆ ఫోను తయారుచేసిన కంపెనీకి ఉత్తరం రాశాను. ఈ మోడల్‌కు బ్యాటరీ ఇప్పుడు అమ్ముతున్నారా, ఇంకా ఎన్నేళ్లు అమ్ముతారు, తెరవడానికి కావలసిన పనిముట్లు ఏవి అని అడిగాను. జవాబు రాకపోతే మళ్లీ రాస్తాను.