కేస్ షీటులో ఒక గడి: నా పాలియేటివ్ కేర్ శిక్షణ అనుభవం

విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదహారేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. రెండేళ్ల క్రితం భీమిలి దగ్గరి మత్స్యకార గ్రామం నుంచి డెబ్బై దాటిన ఒక మామ్మ మా వార్డుకు వచ్చింది. చుట్ట వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు మన తీరప్రాంతపు ఆడవాళ్లలో తరతరాలుగా ఉంది. ఆ అలవాటే ఆమెకు అంగిట్లో క్యాన్సర్ తెచ్చింది. మా దగ్గరకు చేరేసరికే అది ముదిరిపోయింది. కేస్ షీటులో నింపాల్సిన గడి ఉంది కనుక, "మామ్మా, సున్నా నుంచి పది వరకు లెక్క పెడితే నీ నొప్పి ఎంత?" అని అడిగాను. "నేను సదువుకోనేదమ్మా, అంకెలు నాకేటి తెలుసు" అంది. నేను అయిదు అని రాసేశాను. పదకొండో రోజున ఆమె చనిపోయింది. ఆ అయిదు నేను రాసిందే తప్ప ఆమె చెప్పింది కాదన్న సంగతి నన్ను చాలాకాలం వదల్లేదు.

ఆ తర్వాత డాక్టర్లకూ నర్సులకూ కలిపి నడిపే ఎనిమిది వారాల పాలియేటివ్ కేర్ (ముదిరిన జబ్బుతో ఉన్నవాళ్ల నొప్పినీ బాధనూ తగ్గించే వైద్యం) సర్టిఫికెట్ కోర్సులో చేరాను. అంతకు ముందు నేను హాజరైన సదస్సులన్నీ కొత్త యంత్రాల గురించి, కొత్త మందుల గురించి. మరణం దగ్గరపడిన మనిషిని ఎలా చూసుకోవాలో వాటిలో ఒక్కటీ చెప్పలేదు. చదువుకోవడానికి సెలవు దొరకలేదు, తోటి సిస్టర్లతో డ్యూటీలు మార్చుకుని తరగతులు పూర్తిచేశాను.

1967లో లండన్‌లో, చివరి దశలో ఉన్న రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించిన సిసిలీ సాండర్స్ గురించి మొదటి వారమే విన్నాము. నొప్పి శరీరానికే పరిమితం కాదని, మనసు, కుటుంబం, డబ్బు, దైవచింత అన్నీ అందులో కలిసే ఉంటాయని ఆమె చెప్పిన మాట నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే మా వార్డులో రోజూ చూస్తున్నది అదే. నన్ను ఇబ్బంది పెట్టింది భాష. పాఠాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, మా రోగులు నొప్పిని చెప్పేది తెలుగులో. అందుకని ఒక నోటుపుస్తకం పెట్టుకుని వాళ్ల నోట వినే మాటలను రాయడం మొదలుపెట్టాను: మంట, సలుపు, పోటు, తిమ్మిరి, గుంజినట్టు, కరెంటు కొట్టినట్టు. ఏ మాట వాడారన్నదాన్ని బట్టి మందు మారుతుందని పాఠాలు సాగేకొద్దీ తెలిసింది. మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు అని చెబితే నరం దెబ్బతిన్నదేమోనని ముందుగా అనుమానించాలి. అలాంటి నొప్పికి తరచుగా, తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ ఒక్కటే చాలదు, నరాల నొప్పికి వాడే అమిట్రిప్టిలిన్ లేదా గాబాపెంటిన్ వంటివి తోడు కావాలి. ఇన్నేళ్లూ నేను ఈ మాటలన్నిటినీ "నొప్పి ఉంది" అన్న రెండు మాటల్లో రాసేశాను.

మార్ఫిన్ విషయంలో మా అందరిలోనూ భయమే ఎక్కువ. అది ఇస్తే అలవాటు పడతారని, ప్రాణం త్వరగా పోతుందని రోగుల బంధువులే కాదు, మేమూ నమ్మేవాళ్లం. నొప్పికి తగిన మోతాదును కొద్దికొద్దిగా పెంచుకుంటూ ఇస్తే ఆ రెండు భయాలకూ ఆధారం లేదని తరగతుల్లో ఓపికగా వివరించారు. మామూలు మార్ఫిన్ మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలు ఉంటుంది కనుక ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు గంటలకు ఒక్కో మోతాదు ఇచ్చి, రాత్రి పదింటికి రెట్టింపు ఇస్తారు, మనిషి తెల్లవారేదాకా నిద్రపోవడానికి. మలబద్ధకం దాదాపు తప్పదు కాబట్టి మొదటి రోజు నుంచే విరేచనం మందు జతచేయాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఈ మాత్రలు తెచ్చుకోవడానికి ఆసుపత్రులు రకరకాల లైసెన్సుల కోసం తిరగవలసి వచ్చేదని, 2014 సవరణ తర్వాత రాష్ట్ర డ్రగ్స్ కంట్రోలర్ ఇచ్చే ఒక్క గుర్తింపు సరిపోతుందని కూడా అప్పుడే తెలిసింది.

కోర్సులో నాకు అన్నిటికన్నా విలువైనవి ఇళ్లకు వెళ్లిన రోజులు. గోపాలపట్నంలో ఒక పెద్దాయనకు దవడ మీద పుండు. దాని వాసనకు మనవలు గది గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు. మాతో వచ్చిన సీనియర్ సిస్టర్, పుండులో వాసన పుట్టించే క్రిములను చంపే మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా పొడిచేసి, ఉప్పునీటితో కడిగిన పుండు మీద చల్లి, గాజుగుడ్డ కప్పారు. తర్వాత ఆయన పక్కన కూర్చుని, "తాతగారూ, రూపాయి నొప్పి అనుకుంటే ఇప్పుడు ఎన్ని అణాలు ఉంది?" అని అడిగారు. ఆయన కాసేపు ఆలోచించి, "మొన్న పదహారణాలూ ఉంది తల్లీ, ఇయాల ఆరణాలకు దిగింది" అన్నారు. భీమిలి మామ్మను నేను ఈ లెక్కలో అడగలేకపోయానే అని ఆ గదిలోనే కళ్లనీళ్లు తిరిగాయి. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వెళ్లేసరికి చిన్న మనవడు మంచం మీద, తాత కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

చివరి ఘడియల గురించిన తరగతిలో నా పాత అలవాట్లు చాలా పోయాయి. ప్రాణం పోయే ముందు గొంతులో గురగుర వినిపిస్తే మేము వెంటనే సక్షన్ పెట్టేవాళ్లం, అంటే గొంతులోకి గొట్టం పెట్టి ఆ ద్రవాన్ని లాగేసేవాళ్లం. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, అవసరమైతే గొంతులో ఊరే ద్రవాన్ని తగ్గించే గ్లైకోపైరోలేట్ ఇవ్వడం మేలని, గొట్టం బాధే పెడుతుందని నేర్చుకున్నాను. "కనీసం సెలైన్ అయినా పెట్టండి సిస్టర్" అని కొడుకులు ప్రాధేయపడినప్పుడు కాదనడం నాకు ఇప్పటికీ కష్టమే. ఆ దశలో ఎక్కించిన నీరు ఒంట్లో వాపుగానూ ఊపిరితిత్తుల్లో తేమగానూ మిగిలిపోవచ్చని చెప్పి, వాళ్ల చేతికి తడి గుడ్డ ఇచ్చి, పెదవులు, నాలుక తడుపుతూ ఉండమంటున్నాను. చేయడానికి ఒక పని దొరికిన కొడుకు మంచం పక్కనే ఉండిపోతాడు.

పరీక్ష పాసయ్యాను. మా ఆసుపత్రికి మార్ఫిన్ గుర్తింపు ఇంకా లేదు. దరఖాస్తు కాగితాలు సిద్ధం చేసే పని నాకే అప్పగించారు. కేస్ షీటులో ఆ గడి అలాగే ఉంది, దాని పక్కన రోగి చెప్పిన మాటను ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నిన్న ఏడో నంబరు బెడ్ దగ్గర "కుడికాలిలో మంట, పది అణాలు" అని రాశాను. డ్యూటీ డాక్టరు గారు అది చదివి, రాత్రి మందులో గాబాపెంటిన్ చేర్చారు.