చార్లీ వాట్స్ కుడి చెయ్యి

బ్రిటిష్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ అభిమానుల్లో రెండు పార్టీలుంటాయి. ఒకటి పాడే మిక్ జాగర్ పార్టీ, ఇంకొకటి గిటార్ వాయించే కీత్ రిచర్డ్స్ పార్టీ. నాది మొదట్నుంచీ వెనకాల కూర్చున్న డ్రమ్మర్ చార్లీ వాట్స్ పార్టీ. వాళ్ల క్యాసెట్లు ఇంట్లోకి తెచ్చింది మా అన్నయ్య, టేపు సాగిపోయేదాకా వేసిందీ తనే. పక్కా కీత్ మనిషి. "డ్రమ్మర్‌లో ఏముందే, దరువేస్తాడు, అంతేగా" అని ఇప్పటికీ అంటాడు. అన్నయ్యతో వాదించి గెలవడం నా వల్ల కాదు కాబట్టి ఆ దరువు సంగతేంటో ఇక్కడ రాస్తున్నా.

చార్లీ వాట్స్ వాయిస్తున్న వీడియో ఏదైనా పెట్టి, జాగర్ ఎంత గెంతినా సరే అటు చూడకుండా, చార్లీ కుడి చెయ్యి ఒక్కటే చూడండి. మామూలుగా రాక్ డ్రమ్మర్లు కుడిచేత్తో హై-హ్యాట్ (స్టాండు మీద ఉండే జంట తాళాలు) మీద నాలుగు బీట్ల ఒక్కో ఆవర్తానికి ఎనిమిది దెబ్బలు వరసగా వేస్తారు. ఎడమచేత్తో రెండో బీటుకి, నాలుగో బీటుకి స్నేర్ అనే చురుకైన చప్పుడు చేసే చిన్న డ్రమ్ము మీద కొడతారు. అంటే మూడో దెబ్బ దగ్గర, ఏడో దెబ్బ దగ్గర రెండు చేతులూ ఒకేసారి పడాలి. చార్లీ సరిగ్గా అక్కడే కుడి చెయ్యి లేపేస్తాడు. హై-హ్యాట్ ఊరుకుంటుంది, స్నేర్ ఒక్కటే పలుకుతుంది. వెంటనే చెయ్యి మళ్లీ దిగుతుంది. మణికట్టు దగ్గర చిన్న విరుపు, అంతే. మొహంలో మాత్రం ఏ మార్పూ ఉండదు. బస్సు కోసం ఎదురుచూస్తున్న పెద్దమనిషిలా ఎటో చూస్తుంటాడు.

చూడకుండా వింటే ఈ సంగతి విడిగా తెలీదు. స్నేర్ దెబ్బ ఎందుకంత తేటగా పడుతుందో, ఆ బీటులో ఆ ఊపు ఎక్కడిదో మాత్రం అంతుపట్టదు. నేను కొన్నాళ్లు డ్రమ్స్ నేర్చుకున్నా. అప్పుడు అర్థమైంది, కొట్టడం కన్నా మానడం ఎంత కష్టమో. ఎనిమిదికి అలవాటు పడ్డ చెయ్యి ఆగమంటే ఆగదు. బలవంతాన ఆపితే దాంతోపాటు కాలు కూడా ఆగిపోతుంది, కాలితో వాయించే పెద్ద కిక్ డ్రమ్ గల్లంతు. ఎనిమిదిలో రెండు దెబ్బలు మానేసి, మిగతా ఆరింటినీ నిలబెట్టడం అనే విద్య నాకు చివరిదాకా పట్టుబడలేదు.

అసలు ఆయన రాక్ మనిషే కాదు. 1941లో లండన్‌లో పుట్టాడు, నాన్న రైల్వేలో లారీ డ్రైవర్. పక్కింటి కుర్రాడు డేవ్ గ్రీన్‌తో కలిసి జాజ్ రికార్డులు విని పెరిగాడు. తర్వాత బేస్ (మంద్ర స్వరాల తీగవాద్యం) వాద్యకారుడైన ఆ డేవ్ గ్రీన్‌తో స్నేహం చివరిదాకా ఉంది. చిన్నప్పుడు చార్లీ ఓ బ్యాంజో (తోలు బిగించిన తీగవాద్యం) కొనుక్కుని, అది నచ్చక మెడ పీకేసి, మిగిలిన గుండ్రటి తోలుభాగాన్ని స్టాండు మీద పెట్టి వాయించాడు. అదే ఆయన మొదటి స్నేర్. ఆ తర్వాత ఆర్ట్ స్కూల్లో చదివి, ప్రకటనల రంగంలో గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేశాడు. 1963 మొదట్లో స్టోన్స్‌లో చేరినా మనసంతా జాజ్ మీదే. ఎడమచేతి పుల్లని కూడా జాజ్ వాళ్లలా అరచేయి పైకి పెట్టి పట్టుకునేవాడు. మిగతా రాక్ డ్రమ్మర్లు డ్రమ్ములతో చుట్టూ కోట కట్టుకుంటుంటే, ఆయన గ్రెచ్ కంపెనీ 1957 నాటి చిన్న డ్రమ్ కిట్‌తోనే స్టేడియాలు నడిపించాడు.

ఇంకో విచిత్రం. ఏ బ్యాండ్‌లోనైనా అందరూ డ్రమ్మర్‌ని పట్టుకుని నడుస్తారు. ఇక్కడ చార్లీ కీత్ గిటార్‌ని పట్టుకుని నడుస్తాడు. బేస్ వాయించిన బిల్ వైమన్ ఈ మాట చాలాసార్లు చెప్పాడు. గిటార్ వెనక వెంట్రుకవాసి ఆలస్యంగా డ్రమ్ము పడుతుంది. ఇప్పుడు జారిపోతుందేమో అనిపిస్తుంది, జారదు. 1969లో వచ్చిన 'హాంకీ టాంక్ విమెన్' మొదలు వినండి. ముందు కౌబెల్ అనే లోహపు గంట, అది వాయించింది నిర్మాత జిమ్మీ మిల్లర్. ఆ మీదట డ్రమ్ములు కొంచెం వంకరగా వచ్చి పడతాయి. జిమ్మీ తప్పాడో తాను తప్పాడో తెలీదు, కీత్ మాత్రం సరిగ్గా వచ్చాడు, స్టేజీ మీద దాన్ని మళ్లీ అలా ఎప్పుడూ వాయించలేకపోయామని చార్లీయే చెప్పాడు. అదే ఏడాది 'యూ కాంట్ ఆల్వేస్ గెట్ వాట్ యూ వాంట్'లో డ్రమ్స్ వాయించింది కూడా మిల్లరే. ఆ నడక చార్లీకి కుదరలేదు. ఇంకొకరైతే అలిగేవారు. ఈయన, మిల్లర్ వల్లే తన వాయింపు గురించి మళ్లీ ఆలోచించుకున్నానని చెప్పాడు. అన్నయ్యా, ఇది నీ కీత్ చేస్తాడా?

స్టార్ జీవితం మీద ఆయనకు పెద్ద మోజు లేదు. పాతికేళ్ల బ్యాండ్ జీవితమంటే అయిదేళ్లు పని, ఇరవై ఏళ్లు ఊరికే కూర్చోవడం అన్నాడు. ఆ కూర్చోవడంలోనే బొమ్మలు గీసేవాడు. 1967 నుంచి టూర్లలో పడుకున్న ప్రతి హోటల్ మంచాన్నీ గీశాడట. మంచాలే! గీయడానికి ఊళ్లు లేవా, మనుషులు లేరా? కానీ టూర్ అంటే ఆయనకి నిజంగా ఏంటో ఆ మంచాలే చెబుతాయి, ఇల్లు కాని చోట ఇంకో రాత్రి. 1964లో షర్లీని పెళ్లి చేసుకుని చివరిదాకా ఆమెతోనే ఉన్నాడు. డ్రైవింగ్ రాదు గానీ పాత కార్లు కొని పెట్టుకున్నాడు. సూట్లు లండన్‌లో పేరున్న దర్జీల దగ్గర కుట్టించుకునేవాడు. 1980ల మధ్యలో మాత్రం తాగుడులో, హెరాయిన్‌లో పడ్డాడు, తర్వాత బయటికొచ్చాడు. ఆ రోజుల్లోనే పెద్ద జాజ్ ఆర్కెస్ట్రా పెట్టాడు. అందులో తన పక్కన ఇంకా డ్రమ్మర్లని కూర్చోబెట్టుకున్నాడు! జాజ్ నాకు అంతగా ఎక్కదు, ఆ రికార్డులు మాత్రం ఆయన కోసం వింటాను.

2004లో గొంతు క్యాన్సర్ వచ్చినా కోలుకుని మళ్లీ కిట్ ఎక్కాడు. 2021 ఆగస్టులో అమెరికా టూర్‌కి రాలేనని ప్రకటన వచ్చినప్పుడే నాకు టెన్షన్ పట్టుకుంది. ఆగస్టు 24న పోయాడు, 80 ఏళ్లకి. వార్త చూడగానే అన్నయ్యే ఫోన్ చేశాడు. కీత్ మాట ఎత్తకుండా, ఆ మూడో దెబ్బ సంగతి మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు. చెప్పాను. ఫోన్లోనే టేబుల్ మీద కొట్టి చూసుకుని, "కష్టమేనే" అన్నాడు.

ఆ సెప్టెంబర్లో టూర్ మొదలైంది. ఖాళీ స్టేజీ మీద ముందు డ్రమ్ముల మోత, తెర మీద చార్లీ బొమ్మలు, తర్వాతే బ్యాండ్. చార్లీ స్థానంలో వాయించిన స్టీవ్ జోర్డాన్ గొప్ప డ్రమ్మర్, అందులో సందేహం లేదు. బలంగా, నిక్కచ్చిగా వాయిస్తాడు. కానీ నాకు ఆ నిక్కచ్చితనమే కాస్త పంటికింద రాయి. 2023లో వచ్చిన స్టోన్స్ ఆల్బమ్ 'హాక్నీ డైమండ్స్'లో చార్లీ ముందే వాయించి పెట్టిన పాటలు రెండున్నాయి, 'మెస్ ఇట్ అప్', 'లివ్ బై ద స్వోర్డ్'. రెండోదానిలో, 1990ల మొదట్లోనే బ్యాండ్ వదిలేసిన వైమన్ కూడా వచ్చి బేస్ వాయించాడు. ఆల్బమ్ కొన్నప్పుడు నేను మొదటి పాట నుంచి వినలేదు, నేరుగా దానికే వెళ్లాను. మీరూ అక్కడే మొదలుపెట్టండి. పాట మరీ గొప్పదేం కాదు, కింద ఆ ఇద్దరి నడక కోసం వినండి.