పాత లారీకి స్కానర్ కొనేముందు మీ షెడ్డుకి వచ్చే బళ్ళు లెక్కపెట్టండి

మొన్న ఇచ్ఛాపురం నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. హైవే పక్కన కొత్తగా షెడ్డు పెట్టుకున్నాడు, బళ్ళు బాగానే ఆగుతున్నాయట. "అన్నా, లక్షా ఇరవైకి స్కానర్ ఇస్తానంటన్నాడు, అన్ని కంపెనీల బళ్ళూ చదువుద్దంట, తీసుకోమంటావేటి?" అని అడిగాడు. స్కానర్ అంటే బండిలోని కంప్యూటర్‌కి గుచ్చి, అది చెప్పే లోపాల కోడ్లు చదివే యంత్రం. ముందు నీ దగ్గరికి వారంలో ఏ బళ్ళు వస్తున్నాయో చెప్పు అన్నాను. కాసేపు ఆలోచించి, "పదొస్తే అందులో ఐదారు పాత పంపు బళ్ళేనన్నా" అన్నాడు. మరి ఇంజిన్‌కి కంప్యూటరే లేని ఆ ఐదారింటికి స్కానర్ ఎక్కడ గుచ్చుతావు తమ్ముడూ?

ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు కాబట్టి అతనికి చెప్పిందంతా ఇక్కడ రాసేస్తున్నాను. నాది టెక్కలి దగ్గర లారీ ఎలక్ట్రికల్ షెడ్డు. సెల్ఫ్, డైనమో పనులతో మొదలుపెట్టి, సెన్సర్ల బళ్ళు వచ్చాక అవి కూడా నేర్చుకున్నాను. మా దగ్గరికి ఎక్కువగా గ్రానైట్ బ్లాకులు మోసే బళ్ళు, టిప్పర్లు, పలాస జీడిపప్పు లోడ్లు, ఒడిశా నుంచి దిగే బళ్ళు వస్తాయి. చాలావరకు పాతవే.

పాత బండి అంటే అన్నీ ఒకటే అనుకోవద్దు. మొదటి రకం పూర్తిగా మెకానికల్ పంపు బండి. ఇంజిన్‌కి ఈసీయూ, అంటే దాన్ని నడిపే కంప్యూటర్, ఉండదు, పంపులో డీజిల్‌ని సరిచూసే గవర్నర్ ఉంటుంది, కరెంటుతో దానికి ఉండే సంబంధం ఇంజిన్ ఆపే సోలనాయిడ్ వరకే. ఆ ఇంజిన్ కోసం లక్ష రూపాయల యంత్రం కొన్నా చదవడానికి ఏమీ ఉండదు. రెండో రకం కామన్ రైల్ వచ్చాక వచ్చిన బళ్ళు. వీటిలో పంపు డీజిల్‌ని ఎక్కువ ప్రెషర్‌తో రైల్ అనే ఒకే గొట్టంలో నింపితే, అక్కడి నుంచి నాజిళ్ళకి ఎంత వెళ్ళాలో ఈసీయూ చూసుకుంటుంది. పొగ కాలుష్యానికి ప్రభుత్వం పెట్టిన హద్దుల్లో, దేశమంతా బీఎస్-4 తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్ 1న, బీఎస్-6 అయింది 2020 ఏప్రిల్ 1న. ఈ రెండు తేదీల మధ్య అమ్ముడైన బళ్ళే ఇప్పుడు రెండో చేతికి, మూడో చేతికి మారి మన షెడ్లకి వస్తున్నాయి. స్కానర్ అన్నం పెట్టేది వీటి మీదే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బండి సంవత్సరం చూసి ఏ రకమో తేల్చేయకండి. బీఎస్-3 బళ్ళు ఇక అమ్మకూడదని సుప్రీంకోర్టు 2017 మార్చి 29న చెప్పింది, గడువు మార్చి 31. ఆ రెండు మూడు రోజుల్లో తగ్గింపులు ఇచ్చి బళ్ళు తెగ అమ్మారు. అందుకే 2017 మోడల్ అని వచ్చిన రెండు బళ్ళలో ఒకటి పంపు బండి, ఇంకోటి కామన్ రైల్ బండి కావచ్చు. ఆర్సీ చూడండి, అంతకంటే ముందు క్యాబిన్ లేపి పంపు చూడండి. బీఎస్-4 లో కూడా కొన్ని పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకే పంపే ఈజీఆర్‌తో వచ్చాయి, కొన్ని పొగని శుభ్రం చేయడానికి యూరియా పోసే ఎస్‌సీఆర్‌తో వచ్చాయి. మీ దగ్గరికి యూరియా బళ్ళు ఎక్కువ వస్తుంటే ఆ సిస్టమ్‌లోకి వెళ్ళగలిగే స్కానరే తీసుకోవాలి, లేకపోతే సగం పని అక్కడే ఆగిపోతుంది.

నేను మొదట కొన్నది ఐదొందల రూపాయల బ్లూటూత్ డాంగిల్. కార్లకి వాడే ఈఎల్‌ఎం327 రకం. పదహారు పిన్నుల సాకెట్ ఒకేలా ఉంది కదా అని 24 వోల్టుల లారీకి గుచ్చాను. రెండు నిమిషాల్లో వేడెక్కి, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చి, ఆరిపోయింది. డబ్బు పోయినందుకు కాదు, బండి ఈసీయూకి ఏమైనా అయిందేమో అని ఆ సాయంత్రమంతా టెన్షన్ పడ్డాను. అదృష్టం, ఏమీ కాలేదు. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి, ఇంజిన్ తిరుగుతుంటే సాకెట్ దగ్గర 28 వరకూ చూపిస్తుంది. కాబట్టి ఏ స్కానరైనా 24 వోల్టులకి పనికొస్తుందని దాని మీదే రాసి ఉందో లేదో చూడండి, అమ్మేవాడి మాట మీద గుచ్చకండి. పైగా కారు భాష వేరు, లారీ భాష వేరు. కార్లో పీ అక్షరంతో మొదలయ్యే కోడ్లు వస్తాయి. పెద్ద బళ్ళలో ఎక్కువగా జే1939 అనే భాష నడుస్తుంది, అందులో ఎస్‌పీఎన్, ఎఫ్‌ఎంఐ అని రెండు నంబర్లు వస్తాయి. మొదటిది ఏ భాగమో, రెండోది ఆ భాగానికి ఏమైందో చెబుతుంది. 100 అంటే ఆయిల్ ప్రెషర్, 110 అంటే కూలెంట్ వేడి, 157 అంటే రైల్ ప్రెషర్. ఎఫ్‌ఎంఐ 3 అయితే వోల్టేజ్ ఎక్కువ వస్తోందని, 4 అయితే తక్కువ వస్తోందని. ఇలాంటి పది పన్నెండు నంబర్లు నోటికి వస్తే కస్టమర్ ముందు ఫోన్‌లో వెతుక్కునే పని ఉండదు.

కోడ్ వచ్చిందంటే జబ్బు తెలిసిపోయినట్టు కాదు. దీని గురించి కాస్త పొడుగ్గానే చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో లారీ ఓనర్ల డబ్బు ఎక్కువగా పోతున్నది ఇక్కడే.

గ్రానైట్ లోడుతో విశాఖ పోర్టుకి తిరిగే పది టైర్ల బండి, 2018 మోడల్, బీఎస్-4. ఖాళీగా ఉంటే బాగానే పరుగెడుతుంది, లోడుతో ఫ్లైఓవర్ ఎక్కితే పికప్ పడిపోయి చెక్ లైటు వస్తుంది. నా దగ్గరికి రాకముందే వేరే షెడ్డులో స్కానర్ పెట్టించారు. కోడ్ 157, ఎఫ్‌ఎంఐ 18, అంటే రైల్ ప్రెషర్ కావాల్సినదానికన్నా తక్కువ. పంపు పోయింది, మార్చాలి అని చెప్పారట. డ్రైవర్ సోంపేట ఆయన, పెద్దాయన, మొహం వాడిపోయి ఉంది. "పంపు మార్చాలంటే ఓనరు బండే అమ్మేస్తానంటన్నాడు బాబూ, ఈ వయసులో ఇంకో బండి నాకెవులిస్తారు" అన్నాడు.

నేను కూడా స్కానర్ పెట్టాను, కానీ కోడ్ దగ్గర ఆగలేదు. లైవ్ డేటాలో, అంటే ఇంజిన్ తిరుగుతుండగా వచ్చే రీడింగుల్లో, రెండు లైన్లు పక్కపక్కన పెట్టాను, ఈసీయూ అడుగుతున్న ప్రెషర్ ఒకటి, నిజంగా వస్తున్న ప్రెషర్ ఒకటి. స్లోలో రెండూ కలిసే ఉన్నాయి. యాక్సిలేటర్ తొక్కితే అడిగేది పైకి వెళ్తోంది, వచ్చేది వెనకబడిపోతోంది, పైగా వణుకుతోంది. ఆ వణుకు చూసి నాకు గాలి మీద అనుమానం వచ్చింది. పంపు అరిగిపోయినా ప్రెషర్ తగ్గుతుంది, ఫిల్టర్ మూసుకుపోయినా తగ్గుతుంది, డీజిల్ చిమ్మే నాజిల్ నుంచి వెనక్కి పోయే రిటర్న్ ఎక్కువైనా తగ్గుతుంది, గాలి పట్టినా తగ్గుతుంది. అన్నింటికీ కోడ్ అదే. ట్యాంకు నుంచి వచ్చే పైపు మధ్యలో అడుగు పొడవు, లోపలిది కనపడే ప్లాస్టిక్ పైపు ముక్క కలిపి స్టార్ట్ చేయించాను. డీజిల్‌లో సన్నగా, సూది మొనంత బుడగలు, వరసగా పరుగెడుతున్నాయి. పెద్దాయన వంగి చూసి, "గాలేనా బాబూ?" అన్నాడు. గాలే.

మొదటి ఫిల్టర్ దగ్గర పైపుని బిగించే బంజో బోల్టు విప్పితే రాగి వాషర్ కనపడింది. పాతదే మళ్ళీ మళ్ళీ బిగించి బిగించి పల్చగా అయిపోయింది, అంచున వెంట్రుకంత గీత. పీల్చే వైపు లీకు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది, అందుకే కింద తడి కనపడదు, ఎవరికీ అనుమానం రాదు. రెండు వాషర్లు మార్చి, గాలి తీసి, లోడుతోనే ట్రయల్‌కి పంపాను. తిరిగొచ్చి దిగుతూనే పెద్దాయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆరోజు ఆ బండిని నిలబెట్టింది స్కానర్‌లోని లైవ్ డేటా, ప్లాస్టిక్ పైపు ముక్క, రెండూ కలిసి.

అందుకే స్కానర్ కొనేటప్పుడు నేను మొదట చూసేది లైవ్ డేటా. ఎన్ని కంపెనీల పేర్లు ఉన్నాయన్నది తర్వాత. రెండు మూడు రీడింగులు ఒకే గ్రాఫ్‌లో కనపడాలి, రికార్డు చేసుకునే వీలుండాలి, ఎందుకంటే లోడు మీద వచ్చే జబ్బు షెడ్డులో నిలబెట్టిన బండిలో కనపడదు. రెండోది, నాజిల్ కోడ్ రాయగలగాలి. చాలా కామన్ రైల్ ఇంజిన్లలో కొత్త నాజిల్ వేస్తే దాని నెత్తి మీద చెక్కి ఉన్న కోడ్‌ని ఈసీయూలో ఎక్కించాలి, లేకపోతే పొగ, మిస్సింగ్ తప్పవు. మామూలు జే1939 కోడ్ రీడర్లు ఆ పని చేయవు, కోడ్లు చదివి తుడిచేస్తాయి, అంతే. ఒక్కో సిలిండర్‌ని ఆపి చూసే టెస్టు కూడా ఉంటే చాలా మేలు.

మీ దగ్గరికి వచ్చేవి దాదాపు ఒకే ఇంజిన్ బళ్ళైతే అన్నీ చదివే యంత్రం కన్నా ఆ ఇంజిన్ కంపెనీ సాఫ్ట్‌వేరే మంచిది. మన దగ్గర టాటా పెద్ద బళ్ళు చాలావాటిలో కమిన్స్ ఇంజిన్లే, వాటికి ఇన్‌సైట్ అని వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఉంది, ల్యాప్‌టాప్, అడాప్టర్ కావాలి. రకరకాల బళ్ళు వస్తుంటే లాంచ్, ఆటెల్, జాల్‌టెస్ట్ లాంటి వాటిలో హెవీ బళ్ళకి విడిగా చేసిన మోడళ్ళు ఉన్నాయి. కార్ల మోడల్ తీసుకుని తర్వాత కేబుల్ కొందాంలే అనుకోవద్దు. లాక్ తీసేసి దొంగతనంగా అమ్మే క్రాక్ సాఫ్ట్‌వేర్ సంగతి కూడా చెబుతాను. చదవడానికి పనికొచ్చినట్టే ఉంటుంది, ఈసీయూలోకి రాసేటప్పుడు మధ్యలో ఆగిపోతే ఆ ఈసీయూ ఖరీదు మన నెత్తి మీద పడుతుంది. నేను దాని జోలికి పోను. అసలు సాఫ్ట్‌వేర్‌తో రాసేటప్పుడు కూడా బ్యాటరీకి చార్జర్ తగిలించి ఉంచుతాను.

అప్‌డేట్ల దగ్గర నేనొకసారి గట్టిగా దెబ్బతిన్నాను. ఒక డీలర్ దగ్గర లక్ష దాటి పెట్టి స్కానర్ తీసుకున్నాను, జీవితాంతం అప్‌డేట్లు ఫ్రీ అని నోటిమాటగా చెప్పాడు. ఏడాది తిరిగేసరికి లాక్ పడింది, డబ్బు కట్టమంటోంది, డీలర్ ఫోన్ ఎత్తడు. ఎన్నాళ్ళు ఫ్రీ, తర్వాత ఏడాదికి ఎంత, కట్టకపోతే ఉన్న సాఫ్ట్‌వేర్ పనిచేస్తుందా ఆగిపోతుందా, ఈ మూడూ బిల్లు మీద రాయించుకోండి. పాత బళ్ళ పని చేసేవాళ్ళకి కొత్త మోడళ్ళ అప్‌డేట్ ప్రతి ఏడాదీ అవసరం ఉండదు, అందుకే మూడో ప్రశ్న ముఖ్యం.

స్కానర్ పెట్టగానే లింక్ ఫెయిల్ అని వస్తే చాలామంది స్కానర్‌ని తిడతారు. ముందు మీటర్ తీయండి. పదహారు పిన్నుల సాకెట్‌లో 16లో బ్యాటరీ ప్లస్ రావాలి, 4, 5 ఎర్త్. అవి సరిగా ఉంటే బ్యాటరీ కట్ చేసి 6కి 14కి మధ్య ఓమ్స్ చూడండి. బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే రెండు వైర్లే క్యాన్ లైన్, దానికి రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి, రెండూ బాగుంటే మీటర్‌లో 60 దగ్గర చూపిస్తుంది. 120 చూపిస్తే ఒక వైపు తెగినట్టు, సున్నా దగ్గర ఉంటే రెండు వైర్లూ ఎక్కడో కలిసినట్టు. పోయిన వానాకాలం ఒక టిప్పర్‌కి ఇలాగే 120 వచ్చింది. ఛాసిస్ పక్కన వైర్లు కలిపే కప్లర్ ఊడదీస్తే లోపల గ్రానైట్ బురద గట్టిపడి ఉంది, దాని కింద పిన్ను పచ్చగా చిలుము పట్టి ముట్టుకుంటే విరిగిపోయింది. ఆ బండికి అంతకుముందే ఒకరు ఈసీయూ మార్చాలన్నారట.

ఇచ్ఛాపురం తమ్ముడికి చివరికి ఇదే చెప్పాను. ముందు మంచి మల్టీమీటర్, టెస్ట్ ల్యాంప్, నీ దగ్గరికి ఎక్కువ వచ్చే రెండు మోడళ్ళ వైరింగ్ డయాగ్రం కొనుక్కో. ఒక నెల పాటు వచ్చిన ప్రతి బండీ పుస్తకంలో రాయి, ఏ కంపెనీ, ఏ మోడల్, పంపా కామన్ రైలా, యూరియా ఉందా లేదా. ఆ పుస్తకం పట్టుకుని అమ్మేవాడిని నీ షెడ్డుకే రమ్మను. నీ దగ్గరున్న బండికి నీ కళ్ళ ముందు గుచ్చి, లైవ్ డేటా తెరిచి, సిలిండర్ టెస్టు చేసి చూపించమను. రానంటే వాడి దగ్గర కొనొద్దు. నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు, డీలర్ శుక్రవారం వస్తానన్నాడట. ఆ రోజు నన్నూ రమ్మన్నాడు, వెళ్తున్నాను.