ఇంటి లైబ్రరీ ఎక్కడిదాకా వచ్చిందంటే

ముందు లెక్క చెప్తాను. హాల్లో రెండు బీరువాలు, పడగ్గదిలో ఒకటి, అత్తయ్యగారి ట్రంకుపెట్టె, మా అమ్మాయి మంచం కింద దాచుకున్న కుప్ప, అన్నీ కలిపితే పన్నెండు వందల పైచిలుకు పుస్తకాలు. సగానికి పైగా కేటలాగులోకి ఎక్కాయి. ఇంగ్లీషువి గబగబా అయిపోయాయి, తెలుగువే వెనకబడ్డాయి. బైండింగు కావాల్సినవి వేరే అట్టపెట్టెలో వేస్తున్నాం. అది నిండడమే గానీ ఖాళీ కావడం లేదు.

నేను కాలేజీ లైబ్రేరియన్ని. మావారికి పగలు సాఫ్ట్‌వేర్, రాత్రి సోల్డరింగ్. అమ్మాయి ఆరో తరగతి. దానికి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని ఇబ్బంది, ఉందని డాక్టరు తేల్చారు. గెంతులేసే రకం కాదు, పరధ్యానం రకం. ఆడపిల్లల్లో ఇది చాలాసార్లు ఆలస్యంగా బయటపడుతుంది. క్లాసులో గొడవ చెయ్యని పిల్ల మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు? తేల్చాలంటే లక్షణాలు ఇంట్లో ఒక్కచోటే కనిపిస్తే సరిపోదు, బడిలో కూడా కనిపించాలి, పన్నెండేళ్లు నిండకముందే మొదలై ఉండాలి. అందుకే డాక్టరు మాకూ, టీచరుకూ విడివిడిగా ప్రశ్నపత్రాలు ఇచ్చారు. మాది నింపుతుంటే మావారు మధ్యలో పెన్ను ఆపి, "ఇది దాని గురించా, నా గురించా?" అన్నారు. ఇందులో వంశపారంపర్యం పాలు ఎక్కువేనని డాక్టరు ముందే చెప్పారు కాబట్టి ఎవరం ఆశ్చర్యపోలేదు.

సగం చదివిన పుస్తకం కనిపించక, దాన్ని వెతుకుతూ ఇంకోటి దొరికి, అక్కడే నేల మీద కూర్చుని అది చదివెయ్యడం మా ఇంట్లో రోజూ ఉండేదే. చదువు ఆగదు, హోంవర్కు ఆగుతుంది. ఈ పని మొదలుపెట్టింది అందుకే.

కేటలాగుకి మావారు చెప్పిన మార్గం కోహా. న్యూజిలాండ్‌లో పుట్టిన ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్ అది, ఇక్కడి కాలేజీల్లోనూ బాగానే వాడతారు. దాన్ని రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ మీద ఎక్కిస్తానని కూర్చున్నారు. ఎక్కించారు కూడా. కానీ కాలేజీలో రోజంతా మార్క్ ఫీల్డులు, అంటే లైబ్రరీ కేటలాగు వివరాల గళ్లు, నింపి వచ్చి ఇంట్లోనూ అదే చెయ్యడానికి నాకు ఓపిక లేదు. మామూలు స్ప్రెడ్‌షీట్ పెట్టుకున్నాను: వరుస నంబరు, పేరు, రచయిత, ఏ గది, ఏ అర, రంగు. అంతే, ఆరు గళ్లు. ఏడోది కలుపుదామని ఎవరన్నా ఒప్పుకోను.

ఫోన్‌తో బార్‌కోడ్ స్కాన్ చేసే పని అమ్మాయిది. 2007 నుంచి ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకం గుర్తింపు నంబరుకి, పదమూడు అంకెలు, అంతకుముందు పదే. మన దేశానివైతే 978 తర్వాత 81 గానీ 93 గానీ వస్తుంది. ఇది చెప్పాక అది పుస్తకం తిప్పి ముందు ఆ అంకెలే చూస్తోంది, "ఇది మనదే" అంటోంది. పాత తెలుగు పుస్తకాలకి బార్‌కోడే ఉండదు, అన్నీ చేత్తో కొట్టాలి. ఇంకో తంటా ఏమిటంటే మనం ఇంటిపేరు ముందు రాస్తాం, చాలా యాప్‌లు మాత్రం చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటాయి. అలా దిగుమతి చేసుకున్న జాబితాలో రావులందరూ ఒకచోట, శాస్త్రులందరూ ఇంకోచోట పోగయ్యారు. రచయిత గడిలో ఇంటిపేరుతో మొదలుపెట్టి తెలుగు లిపిలోనే రాయడం అని ఒకే నియమం పెట్టుకుంటే ఆ గోల ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అల్మర కాదు, వాపసు పెట్టె. మా లైబ్రరీలో బోర్డు ఉంటుంది, చదివిన పుస్తకాలు బల్ల మీదే వదలమని. పాఠకుడు తనంతట తాను అరలో పెడితే తప్పుచోట పెడతాడు, తప్పుచోట పడ్డ పుస్తకం పోయినట్టే. ఇన్నేళ్లుగా తెలిసిన ఆ సంగతే ఇంటికి తెచ్చాను. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లకి "తీసినచోటే పెట్టు" అంటే ఒక పని కాదు. లేవాలి, ఎక్కడిదో గుర్తు తెచ్చుకోవాలి, అక్కడికి నడవాలి, దారిలో ఇంకోటి కంటపడకుండా ఉండాలి. ఇప్పుడు సోఫా పక్కన మూత లేని ప్లాస్టిక్ బుట్ట ఉంది, పూర్తయినా కాకపోయినా అందులో పడేస్తే చాలు. ఆదివారం నేను సర్దుతాను. "పిల్లకి బాధ్యత ఎలా వస్తుంది?" అని చుట్టాలు అడుగుతారు. లైబ్రరీకి వచ్చే ప్రొఫెసర్లని ఆ మాట ఎవరూ అడగరు.

ఇక అల్మర. వెన్నులు కనిపించేలా పేరిస్తే దాని దృష్టిలో పుస్తకాలు లేనట్టే, అట్ట కనిపించాలి. 12 ఎంఎం ప్లైవుడ్‌తో గోడకి మూడు పట్టీలు కొట్టించాను. ఒక్కోటి 4 అడుగుల పొడవు, మూడున్నర అంగుళాల లోతు, ముందు రెండంగుళాల అంచు. పట్టీకీ పట్టీకీ మధ్య 11 అంగుళాలు. డెమీ సైజు పుస్తకం అయిదున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది కాబట్టి వరసకి ఎనిమిది, మొత్తం ఇరవై నాలుగు. "నిలువుగా పెడితే రెండొందలు పడతాయి కదమ్మా" అని కార్పెంటర్ చివరిదాకా బాధపడ్డాడు. కొన్ని వారానికోసారి మారుస్తాను. సగం చదివినవి మాత్రం కదపను, వాటికి రిబ్బను వేసి ఉంటుంది. ఒకేసారి ఆరు పుస్తకాలు చదువుతుందని బెంగ ఎందుకు, ఆరు రిబ్బన్లు కొన్నాను.

వర్గీకరణ దగ్గరే అసలు సరదా. లైబ్రరీల్లో పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతి 1876 నాటిది, అందులో తెలుగు సాహిత్యం 894.827. ఆ నంబరు సన్నటి కథల పుస్తకం వెన్ను మీద పట్టనే పట్టదు. పైగా ఒక పుస్తకం ఒక్కచోటే ఉండాలంటే మా అమ్మాయి ఒప్పుకోదు. చంద్రయాన్ పుస్తకం చంద్రుడిదా, రాకెట్లదా, ఇండియాదా? దానికి మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి కథ చెప్పాను. లండన్‌లో ఒక పెద్ద దుకాణంలో మెకానో అనే, ముక్కలు బిగించి ఆడుకునే బొమ్మల సెట్టు చూసి, అవే ముక్కలు బిగించి రకరకాల బొమ్మలు చేస్తున్నారే, విషయాల్నీ ఇలా బిగించవచ్చు కదా అనుకున్నారాయన. 1933లో వచ్చిన ఆయన కోలన్ వర్గీకరణ వెనక ఉన్నది ఆ బొమ్మే. అది విన్నాక పిల్ల స్టేషనరీ షాపులో గుండ్రటి రంగు స్టిక్కర్లు కొనిపించి తన పద్ధతి మొదలుపెట్టింది. నీలం నిజం, పసుపు కల్పన, ఎరుపు ఎముకలూ రాళ్లూ, ఆకుపచ్చ ఎక్కడికో వెళ్లేవి, నలుపు ఏడిపించేవి. ఒక పుస్తకానికి మూడు చుక్కల దాకా పెట్టుకోవచ్చు. చుక్క వెన్ను అడుగు నుంచి అంగుళం ఎత్తులో అంటించి, పైన పారదర్శకమైన లేబుల్ టేపు వెయ్యాలి. మామూలు సెల్లోటేపు వద్దు, పసుపెక్కి జిగురు కక్కుతుంది. నా ఉద్యోగం దృష్టితో చూస్తే ఈ పద్ధతిలో లొసుగులు చాలా ఉన్నాయి. కానీ అది పెట్టుకున్న పద్ధతిలో దానికి పుస్తకం దొరుకుతోంది, నేను నోరు మూసుకున్నాను.

బైండింగు పని సాయంత్రం టిఫిన్ అయ్యాకే. ఉదయం ఏడీహెచ్‌డీ మాత్ర వేసుకున్న రోజు అమ్మాయికి మధ్యాహ్నం ఆకలి ఉండదు, లంచ్ బాక్సు సగం వెనక్కి వస్తుంది. ఆరింటికి మందు ప్రభావం తగ్గి ఒక్కసారిగా ఆకలి, చిరాకు. రెండు దోసెలు పడ్డాక చేతికి సూది ఇస్తే మనిషి మారిపోతుంది. మొన్న అత్తయ్యగారి వంటల పుస్తకం విప్పాం. పక్క కుట్టుకి వేసిన ఇనప పిన్నులు తుప్పుపట్టి కాగితం చుట్టూ గోధుమరంగు మరక పడింది. పిన్నులు నేను తీశాను. ఫారాలు, అంటే మడిచిన కాగితాల కట్టలు, విడదీసి, మడతల్లో మూడేసి బొక్కలు గుర్తుపెట్టి, కొవ్వొత్తికి రుద్దిన నూలుదారంతో అది కుట్టింది. నాలుక కొంచెం బయటపెట్టి, దారం లాగినప్పుడల్లా "ఊఁ" అంటూ. పక్కన వాళ్ల నాన్న కథ చదువుతున్నారు. చేతులు ఊరికే ఉంటే వినలేని పిల్ల, కుడుతూ మాత్రం ఒక్క మాట జారనివ్వలేదు. నాన్న ఒక పేరా దాటేస్తే పట్టుకుంది కూడా.

జిగురుకి కప్పు మైదా, అయిదు కప్పుల నీళ్లు, సన్న సెగ మీద ఉండలు కట్టకుండా తిప్పాలి. బైండర్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్న చోట వద్దు. కొంచెం కొంచెం చేసుకుని ఆ రోజే వాడెయ్యడం మేలు. ప్లాస్టిక్ డబ్బా తెల్ల జిగురు గట్టిదే, కానీ మళ్లీ విప్పాల్సి వస్తే కాగితం చిరుగుతుంది. అతికించాక పైన గ్రైండర్ రాయి, రాత్రంతా.

మావారు ఇప్పుడు ఆర్‌ఎఫ్‌ఐడీ చీటీలంటున్నారు, రేడియో తరంగాలతో పుస్తకాన్ని గుర్తుపట్టేవి. వద్దన్నాను. వినరని తెలుసు.

తర్వాతి పని ట్రంకుపెట్టె. తన పుస్తకాల మీద చుక్కలు అంటించకూడదని అత్తయ్యగారి షరతు. చీటీ పెడదామని అమ్మాయి, రాలిపోతుందని నేను. చివరికి వెనక అట్ట లోపల మెత్తటి పెన్సిల్‌తో నంబరు వెయ్యడానికి ఒప్పుకున్నారు. 2బీ చాలు, నొక్కి రాయక్కర్లేదు. ముందు దుమ్ము పొడి బ్రష్షుతో దులిపి, పుస్తకాలు ఒకరోజు నీడలో గాలికి తెరిచి పెట్టాలి. ఎండలో వద్దు, కాగితం పెళుసెక్కుతుంది.