ప్వారో నడక ఎక్కణ్ణుంచి వచ్చింది: డేవిడ్ సూషే పనితనం

బ్రిటిష్ నటుడు డేవిడ్ సూషే అనగానే, రచయిత్రి అగాథా క్రిస్టీ సృష్టించిన డిటెక్టివ్ ప్వారోగా టీవీ సీరీస్‌లో ఆయన వేసిన వేషమే గుర్తొస్తుంది: గుండ్రటి పొట్ట, కొనలు తిప్పిన మీసం, టకటకా వేసే పొట్టి అడుగులు కళ్ళ ముందుకొస్తాయి. వాటిలో ఏదీ ఆయన సొంతం కాదు. పొట్ట మెత్తలతో కట్టింది, మీసం అతికించింది, గొంతు సాధన చేసి తెచ్చుకున్నది. ఇరవై నాలుగేళ్ళకు పైగా, 70 ఎపిసోడ్లలో, ఆ కట్టడం చెక్కుచెదరలేదు. టీవీ నటనలో ఇంతకన్నా గట్టి పని నాకు కనిపించలేదు.

సూషే 1946లో లండన్‌లో పుట్టారు. అక్కడి నటనా పాఠశాల లామ్డాలో చదువుకుని, 1969లో చెస్టర్‌లోని గేట్‌వే థియేటర్‌లో మొదలుపెట్టి, 1973లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి చేరుకున్నారు. అసలు పునాది అక్కడే పడింది. 1981లో జాన్ బార్టన్ దర్శకత్వంలో, షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లోని యూదు వడ్డీవ్యాపారి షైలాక్ పాత్ర వేశారు. అంతకు మూడేళ్ళ ముందు అదే బార్టన్ దగ్గర అదే పాత్ర వేసింది మరో నటుడు పాట్రిక్ స్టూవర్ట్. తర్వాత బార్టన్ ఒక టీవీ కార్యక్రమంలో ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, అవే సన్నివేశాలు ఒకరి తర్వాత ఒకరి చేత చేయించారు. స్టూవర్ట్ షైలాక్‌కి డబ్బే లోకం, యూదుడన్న సంగతిని మరీ పైకి లాగకూడదన్నది ఆయన వాదన. సూషే దానికి ఒప్పుకోలేదు. వెనిస్ ఆ మనిషిని ఎప్పుడూ బయటివాడిగానే చూస్తుంది, అది వదిలేస్తే పాత్ర నిలవదని ఆయన పట్టుదల. ఒకే పాఠం, ఒకే దర్శకుడు, ఇద్దరు వేర్వేరు మనుషులు. నటన నేర్చుకునేవాళ్ళు ముందు చూడాల్సింది ఇదే.

ప్వారో కన్నా ముందు, 1985లో ఒక టీవీ సినిమాలో పీటర్ ఉస్టినోవ్ ప్వారోగా చేస్తే, సూషే అందులోని పోలీసు ఇన్‌స్పెక్టర్ జాప్ పాత్ర వేశారు. తన మొత్తం పనిలో అదే అధ్వానమైనది కావచ్చని ఆయనే చెప్పుకున్నారు.

ప్వారో పాత్ర చేతికొచ్చాక ఆయన చేసిన మొదటి పని చదవడం. అగాథా క్రిస్టీ కథలు ముందేసుకుని, ప్వారో గురించి దొరికిన ప్రతి వివరాన్నీ వరుస నంబర్లు వేసి రాసుకున్నారు. ఆ చిట్టా 93 దాకా వెళ్ళింది. మొదటిదే బెల్జియం వాడు, ఫ్రెంచివాడు కాదు అని. పంచదార ముక్కలు మామూలుగా నాలుగు, అప్పుడప్పుడు మూడు, ఎప్పుడో ఒకటి రెండుసార్లు ఐదు అని కూడా అందులో ఉంది. ఇలాంటివి ప్రేక్షకుడు లెక్కపెట్టడు. కానీ కప్పు దగ్గర చెయ్యి తడబడకపోతే, ఈ మనిషికి ఇది రోజూ ఉన్న అలవాటేనని ఆ చెయ్యే చెబుతుంది.

గొంతు కోసం ఫ్రెంచి, బెల్జియన్ మాటల రికార్డింగులు విన్నారు. సూషేది సహజంగా ఛాతీలోంచి వచ్చే బరువైన గొంతు. ప్వారో బతికేది బుర్రతో కాబట్టి మాట కూడా తలలోంచి వస్తున్నట్టు ఉండాలని పైకి ఎత్తారు. యాస ఒక్కటే పట్టుకుంటే మిమిక్రీ అయ్యేది. శబ్దం పుట్టే చోటే మారింది కాబట్టి మనిషే మారాడు.

నడక ఇంకా కష్టం. క్రిస్టీ రాసిన ఆ గబగబ చిట్టడుగులు మామూలుగా నడిస్తే రావు. పేరున్న బ్రిటిష్ నటుడు లారెన్స్ ఒలీవియర్ చెప్పిన కిటుకొకటి సూషేకి గుర్తొచ్చింది: పిరుదుల మధ్య పెన్నీ నాణెం బిగించి, అది జారకుండా నడవాలి. అలా చేస్తే తొడలు దగ్గరపడి, కదలికంతా మోకాళ్ళ కింద నుంచే వస్తుంది. అడుగు కాస్త పెద్దదైతే నాణెం కింద పడుతుంది.

మీసం సంగతి మన నాటకాల మేకప్ వాళ్ళకు బాగా తెలుసు. ఇలాంటి మీసాలు సన్నటి వలగుడ్డ మీద వెంట్రుకలు ముడేసి చేస్తారు, స్పిరిట్ గమ్‌తో అంటిస్తారు. ముందుగా లేచిపోయేది మూతి మూలల దగ్గర, ఎందుకంటే మాట్లాడినా నవ్వినా చర్మం సాగేది అక్కడే. దానికి చెమట తోడైతే ఇంకా తొందరగా ఊడుతుంది. ప్వారో పెదవులు బిగించి, పొదుపుగా నవ్వే మనిషి కావడం ఈ లెక్కన మీసానికీ మేలే.

మొదటి సీరీస్‌లో ఒక బెంచీ మీద కూర్చునే ముందు రుమాలుతో తుడిచి, దాన్ని పరిచి కూర్చుంటానన్నారు సూషే. దర్శకుడికి అది నవ్వులాటగా తోచి వద్దన్నారు. చివరికి నిర్మాత దాకా వెళ్ళి రుమాలే గెలిచింది. ప్వారోని చూసి నవ్వకూడదు, ప్వారోతో కలిసి నవ్వాలని క్రిస్టీ కూతురు రోజలిండ్ హిక్స్ ముందే గట్టిగా చెప్పి ఉన్నారు. అందుకే బెంచీ తుడవడం వెకిలిగా ఉండదు. ఆయన దాన్ని పూజకు చోటు శుభ్రం చేసినంత శ్రద్ధగా చేస్తారు.

ఈ మధ్యలో రంగస్థలం ఒక్కసారి కూడా వదల్లేదు. 1993లో హెరాల్డ్ పింటర్ దర్శకత్వంలో రాయల్ కోర్ట్‌లో నాటకం, 1998లో ఓల్డ్ విక్ థియేటర్‌లో ‘అమెడియస్’ నాటకంలో సంగీతకారుడు సాలియెరి, అక్కణ్ణుంచి బ్రాడ్‌వే, 2010లో ఆర్థర్ మిల్లర్ నాటకం, 2015లో ఆస్కార్ వైల్డ్ నాటకంలో లేడీ బ్రాక్‌నెల్‌గా ఆడవేషం. టీవీలో బ్రిటిష్ పత్రికాధిపతి రాబర్ట్ మాక్స్‌వెల్ పాత్రకు 2008లో అంతర్జాతీయ ఎమ్మీ వచ్చింది. 2020లో సర్ బిరుదు ప్రకటించారు.

చివరి సీరీస్‌లో ఐదు సినిమాలు. ప్వారో చనిపోయే ‘కర్టెన్’ ప్రసారమైంది అన్నిటికన్నా చివర, 2013 నవంబరు 13న. షూటింగ్ మాత్రం ముందే, 2012లోనే ముగించారు. తన ఆఖరి రోజు ప్వారో శవంగా పడుకుని గడవకూడదని సూషే కోరుకున్నారు. ‘కర్టెన్’ కోసం బరువు తగ్గి, ఏళ్ళ తరబడి కట్టుకున్న మెత్తలు తీసేసి చక్రాల కుర్చీలో కూర్చున్నారు. ఆ తర్వాత మళ్ళీ మెత్తలు కట్టుకుని, 2013 జూన్‌లో డెవన్‌లో క్రిస్టీ సొంత ఇల్లు గ్రీన్‌వేలో, చిత్రీకరణ వరుసలో చివరి సినిమా పూర్తిచేశారు. అక్కడ ప్వారో బతికే ఉన్నాడు, ఆ చిట్టడుగులతోనే నడుస్తున్నాడు.